గోడ గడియారం ఎందుకు తప్పుతుంది?

మా అమ్మాయి పదో తరగతి పరీక్షల మొదటి రోజున హాల్లో గడియారం చూసుకుని తాపీగా బయలుదేరాం. వీధి చివరికి చేరేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆటోలో పరుగెత్తి, గేటు మూసేలోగా ఎలాగో చేర్చాను. గడియారం ఆరు నిమిషాలు వెనకబడిందని సాయంత్రం గానీ తెలియలేదు. దసరాకు దుమ్ము దులిపి సరిచేసిన గడియారమే అది!

విద్యార్థులారా, ఇంటి గడియారం ఏదీ పూర్తి కచ్చితంగా నడవదు. సెల్లుతో నడిచే గడియారంలో చిన్న లోహపు గొట్టంలో శ్రుతిదండం ఆకారంలో చెక్కిన క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను 15 సార్లు సగం చేసి చూడండి, 1 వస్తుంది. లోపలి సర్క్యూట్ చేసేదీ అదే. అలా సెకనుకొకసారి మోటారుకు తోపు అందుతుంది, ముల్లు ఒక అడుగు వేస్తుంది.

అయితే ప్రతి స్ఫటికాన్నీ సరిగ్గా 32,768 దగ్గరే నిలిచేలా చెక్కడం కష్టం. పది లక్షలకు 20 వంతుల తేడా మామూలే. రోజుకు 86,400 సెకన్లు కదా, లెక్క వేస్తే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాటే. దీనికి తోడు ఎండ. ఈ స్ఫటికాలను సాధారణంగా 25 డిగ్రీల దగ్గర సరిగా ఉండేలా తయారుచేస్తారు. అంతకన్నా వేడెక్కినా, చల్లబడినా కంపనం మందగిస్తుంది. షోలాపూర్, బళ్లారి వేసవిలో పడమటి గోడకు వేలాడే గడియారం 45 డిగ్రీలకు చేరితే రోజుకు మరో సెకను పైగా పోతుంది. చేతి గడియారానికి ఈ బాధ తక్కువ, ఒంటి వేడి దాన్ని ఒకే తీరుగా ఉంచుతుంది.

తాతల నాటి లోలకం గడియారాల సంగతి వేరు. వేడికి ఉక్కు కడ్డీ సాగుతుంది, పొడవు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. 10 డిగ్రీల వేడికి రోజుకు 5 సెకన్లు తగ్గుతాయి. గుండు కింద ఉన్న మరను తిప్పి గుండును కాస్త పైకి జరిపితే వేగం పెరుగుతుంది.

ఇక సెల్లు. అది నీరసిస్తే స్ఫటికం దాదాపు మామూలుగానే కంపిస్తుంది గానీ, మోటారుకు ముల్లును లేపే శక్తి చాలదు. తొమ్మిది అంకె దగ్గర సెకన్ల ముల్లు పైకెక్కలేక కొట్టుకోవడం మీరు చూసే ఉంటారు.

అసలు సరైన సమయం ఎక్కడిది? న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీసియం గడియారాలతో దాన్ని కాపాడుతుంది. సీసియం పరమాణువు వికిరణం 9,19,26,31,770 సార్లు కంపించే కాలమే ఒక సెకను అని 1967లో నిర్ణయించారు. మన దేశ సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం యానానికి కాస్త తూర్పుగానే పోతుంది, యానాం పిల్లలు పటంలో వెతకండి.

ప్రతి ఆదివారం గడియారాన్ని సెల్‌ఫోన్ సమయంతో పోల్చి తేడా రాసి పెట్టండి. మేము సెల్లు మార్చి అలాగే రాశాం. వారానికి 8 సెకన్లే తగ్గుతోంది. ఆ లెక్కన దసరా నుంచి మార్చికి మూడు నిమిషాలైనా కాదు. మిగతాది సెల్లు పనే. అమ్మాయి ఆ కాగితాన్ని గడియారం వెనకే అంటించింది.