అడుగు వెడల్పు, కొన సన్నం

కొల్లాపూర్ నుంచి సోమశిలకు పోయే దారిలో మామిడి తోటలు దాటగానే కృష్ణమ్మ ఒక్కసారిగా విశాలంగా పరుచుకుని కనిపిస్తుంది. అది శ్రీశైలం జలాశయం వెనుక నీరు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 1980ల మొదట్లో ఆ మట్టం కింద ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. గుళ్లూ మునగాల్సినవే. సోమశిల సోమేశ్వరాలయం, సురభి రాజుల పాత రాజధాని జటప్రోలులోని మదనగోపాలస్వామి గుడి, ఎగువన ఆలంపురం దగ్గరి పాపనాశి గుళ్లు వంటివి మాత్రం విప్పదీసి, మెరకకు తరలించగా మిగిలాయి.

అంతంత బరువున్న రాతి గుళ్లను అసలెలా విప్పగలిగారు? పాపనాశి గుళ్ల పైకప్పుల్ని కాసేపు నిలబడి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఆలంపురం వెళ్లినవాళ్ల చూపంతా వంపు తిరిగిన శిఖరాల నవబ్రహ్మ ఆలయాల మీదే ఉంటుంది. కాస్త దూరంలో ఉన్న ఈ 20కి పైగా చిన్న గుళ్ల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆగితీరాలని నా మాట. ఇక్కడి శిఖరాలకు వంపు లేదు. వెడల్పాటి రాతి వరుస, దాని మీద నాలుగు వైపులా కొంచెం లోపలికి జరిపిన మరో వరుస, ఆపైన ఇంకొంచెం చిన్నది. అలా మెట్లు మెట్లుగా సన్నబడుతూ పోయే పిరమిడ్. శిల్పశాస్త్రం దీన్ని ఫాంసన శైలి అంటుంది. ప్రతి వరుస బరువూ నేరుగా కింది వరుస మీదికే దిగుతుంది, కమానులాగా గోడల్ని పక్కలకు నెట్టదు. పైనుంచి ఒక్కో వరుసే దించుకుంటూ వచ్చి, రాళ్లకు గుర్తులు పెట్టుకుని, మళ్లీ అదే క్రమంలో పేర్చుకోవచ్చు.

ఈ ఆకారం లెక్క కూడా ముచ్చటైనదే. అంతే అడుగు, అంతే ఎత్తు ఉన్న నిలువు దిమ్మెలో పిరమిడ్ పట్టే చోటు మూడో వంతు. 499లో ఆర్యభటుడు సగం అన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు దాన్ని మూడో వంతుగా సరిగ్గా తేల్చాడు. నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించేది మరో సంగతి. గట్టి పిరమిడ్‌ను సరిగ్గా సగం ఎత్తులో అడ్డంగా కోస్తే పై ముక్కలో ఉండేది మొత్తంలో ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులూ కింది సగంలోనే. కంటికి కొన ఆనుతుంది, బరువంతా అడుగున ఉంటుంది.

జీవశాస్త్రానికి ఈ బొమ్మ బాగా నచ్చింది. మాంసాహారులు తక్కువగా, వాటి ఆహారం ఎక్కువగా ఎందుకుంటాయన్నది 1927లో చార్లెస్ ఎల్టన్ సంఖ్యల పిరమిడ్‌గా వివరించాడు. 1942లో రేమండ్ లిండెమన్ మిన్నెసోటాలోని ఓ చిన్న చెరువును పట్టుకుని ఆహారపు గొలుసులో ఒక అంతస్తు నుంచి పై అంతస్తుకు శక్తి ఎంత చేరుతుందో లెక్కగట్టాడు. ఆ వ్యాసం అచ్చులో చూసుకోకుండానే 26 ఏళ్లకు కన్నుమూశాడు. పై అంతస్తుకు పదో వంతు శక్తే చేరుతుందనే బడి పుస్తకాల్లోని పది శాతం సూత్రం ఆ దారిలో వచ్చిందే.

ఆ పిరమిడ్‌ను కొల్లాపూర్‌కు పక్కనే ఉన్న నల్లమలలో చూడొచ్చు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఒక పులికి ఏడాదికి దాదాపు 50 దుప్పులంత వేట కావాలి. మంద తరగకుండా ఆ వేట దొరకాలంటే దుప్పులు, కణుజులు, మనుబోతులు, అడవి పందులు అన్నీ కలిపి 500 దాకా ఉండాలి. వాటికి గడ్డి, ఆకు, రాలిన ఇప్పపూలు కావాలి. అడవికి పోయొచ్చినవాళ్లను అందరం పులి కనబడిందా అనే అడుగుతాం. గడ్డి ఎలా ఉంది అని అడగాలి. ఎండాకాలం నిప్పు అంటుకుంటే ముందు పోయేది ఆ అడుగు అంతస్తే. గుడిని విప్పి మళ్లీ కట్టినట్టు దాన్ని పేర్చుకోవడం కుదరదు.

పిరమిడ్ తలకిందులయ్యే చోటూ కొల్లాపూర్‌లోనే ఉంది. పూత మీదున్న మామిడి చెట్టు దగ్గరికెళ్లి ఒక్క రెమ్మను వంచి చూడండి. తేనెమంచు పురుగులు చిటచిటా ఎగురుతాయి. వాటి జిగురు పడి ఆకులు మెరుస్తుంటాయి. ఆ జిగురు మీద తర్వాత నల్లటి మసి బూజు పడుతుంది. అడుగున చెట్టు ఒక్కటే, దాని మీద బతికే పురుగులు వేలు. తలలు లెక్కపెడితే పిరమిడ్ బోర్లా పడినట్టే. బరువు తూచి చూస్తే మళ్లీ నిటారుగా నిలుస్తుంది. శక్తి లెక్కలోనైతే అది ఎక్కడా, ఎన్నడూ తలకిందులు కాదు. చెట్టు పట్టిన ఎండలో కొంత భాగమే పురుగుకు దక్కుతుంది మరి.

హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ సుమారు 180 కిలోమీటర్లు. అక్కడి నుంచి సోమశిల పది కిలోమీటర్ల దూరం. నీరు నిండుగా ఉన్న నెలల్లో సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక లాంచీ నడుస్తుంది, ముందుగా వాకబు చేసుకోవాలి. అడవి చూడాలంటే శ్రీశైలం రోడ్డు మీది మన్ననూర్ చేరాలి. వానాకాలంలో సఫారీ ఉండదు, రాత్రిళ్లు ఆ దారిలో వాహనాల్ని వదలరు. ఆలంపురం కర్నూలు నుంచి దగ్గర. తరలించకుండా నీళ్లలోనే ఉండిపోయిన సంగమేశ్వరం గుడిని కూడా చూడాలనుకుంటే వేసవిలో, నీటిమట్టం బాగా తగ్గాక రండి. కొల్లాపూర్ మామిడిపళ్లు మార్కెట్‌కు వచ్చేదీ ఆ రోజుల్లోనే.