నీటి వెంట సైకిలు: వేలూరు నుంచి అణైకట్, గుడియాత్తం దాకా

వేలూరు బస్సు నిలయంలో ‘అణైకట్టు’ అని రాసిన పలకను చూసిన తెలుగువారికి ఆ మాట అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. మన ‘ఆనకట్ట’ దానికి తోబుట్టువు. ఇంజనీర్లు ఇంగ్లీషులో వాడే ‘ఆనికట్’ కూడా తమిళం నుంచి పోయినదే. గోదావరి మీద 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం కట్టడం ఆ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరీ, కొల్లిడం నదుల దగ్గర పనిచేసి ఆ విద్య నేర్చుకున్నాడు. ఆ మాట ఇక్కడి నుంచి గోదావరికి వెళ్ళింది. మనం అటునుంచి ఇటు వచ్చాము.

వైద్యం కోసం, చదువు కోసం, ఉద్యోగం కోసం వేలూరుకు వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు అనేకం. వారిలో చాలామందికి ఈ ఊరంటే ఆస్పత్రి వీధి, కోట, కాట్పాడి స్టేషను, వాటి మధ్య నడిచే బస్సు. నగరానికి పడమటగా పాలారు మైదానంలో కొబ్బరి తోటలు, వరి మళ్ళు, చెరువుల నడుమ సన్నని దారులు ఉన్నాయి. వాటి మీద ఒక పూటంతా వాహనాల హోరుకు దూరంగా సైకిలు తొక్కవచ్చును. ఆ దారుల స్వభావాన్ని, వెళ్ళేవారు తెలుసుకోవలసిన సంగతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందే ఒక మాట. ఇది గీతలు గీసి, పలకలు నాటిన సైకిలు మార్గం కాదు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమయింది. అది సైకిలు కోసమే వేసినది. ఇక్కడి దారులు నీటి కోసం ఏర్పడినవి. సైకిలుకు అవి అనుకూలంగా ఉండటానికి కారణం కూడా నీరే.

ఆ కారణం కొంచెం వివరించాలి. నీరు పల్లానికే పోతుంది గాని, మరీ వాలుగా ఉంటే నేలను కోసుకుపోతుంది. అందుకే పంట కాలువ తవ్వేవారు నేల మట్టాన్ని అనుసరిస్తూ, కంటికి కనిపించనంత స్వల్పమైన వాలుతో దానిని నడిపిస్తారు. చెరువు కట్టకయితే ఆ మాత్రం వాలు కూడా ఉండదు. ఒక కొస నుంచి మరో కొసకు దాని తల ఒకే మట్టంలో ఉండాలి. ఎక్కడ ఒక జానెడు తగ్గినా వరదనాడు నీరు అక్కడే పొర్లి కట్ట తెగుతుంది. మట్టాలు చూసుకుంటూ తరతరాల వారు కట్టిన ఈ గట్ల మీద సైకిలు తొక్కేవారికి ఎక్కుడు అన్నది ఎదురుకాదు. కాలువ గట్టు, చెరువు కట్ట, మళ్ళీ కాలువ గట్టు: నీరు వెళ్ళిన తోవన వెళ్ళితే కాళ్ళకు శ్రమ తక్కువ. కోనసీమలో కాలువ గట్ల మీద బడికి వెళ్ళిన వారికి ఇది కొత్త సంగతి కాదు. ఫ్రాన్సులో 1681 నాటికి తవ్విన కెనాల్ దు మిది గట్ల మీద కూడా నేడు సైకిలు యాత్రికులు తిరుగుతున్నారు; ఆ గట్లు ఒకప్పుడు పడవలను లాగే గుర్రాలు నడిచినవి.

పాలారు పరీవాహక ప్రాంతమంతా ఇటువంటి గొలుసుకట్టు చెరువుల సీమ. కర్ణాటకలో పుట్టి, మన చిత్తూరు జిల్లా అంచును తాకి, తమిళనాడులో ప్రవేశించే ఈ నది 348 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ప్రవహిస్తుందని వ్రాతకు అంటున్నాము గాని, ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక మేటే. నది ఎండే చోట నీటిని నిలిపి ఉంచవలసిన భారం చెరువులది. నగరానికి తూర్పున వాలాజాపేట దగ్గర పాలారుకు అడ్డంగా 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట నుంచి కావేరిపాకం పెద్ద చెరువుకు నీరు వెళుతుంది. అటువైపే ఉన్న మహేంద్రవాడిలో పల్లవ మహేంద్రవర్మ తొలిపించిన గుహాలయ శాసనం మహేంద్ర తటాకాన్ని పేర్కొంటుంది. అంటే ఇక్కడి చెరువుల కథ పదమూడు వందల ఏళ్ళకు పైబడినది.

దారి అడిగేటప్పుడు మాటల చిక్కు ఒకటి ఉంది. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు. మనకు ‘ఏరు’ అంటే పారే వాగు. నదిని వారు ‘ఆరు’ అంటారు కనుక పాలారు మన లెక్కలో పాలేరు. చెరువు కట్ట ‘కరై’, తూము ‘మదగు’, మనం కలుజు అనీ అలుగు అనీ పిలిచేది ‘కలింగల్’. ఈ నాలుగైదు మాటలు వచ్చినవారు పొలంలో ఉన్న రైతును ధైర్యంగా దారి అడగవచ్చును. గుడియాత్తం, పేర్ణాంబట్టు వైపు తెలుగు తెలిసినవారు తరచుగా తారసపడతారు గనుక, ముందు తమిళంలో పలకరించి, జవాబులో యాస గమనించి తెలుగులోకి మారినా తప్పులేదు.

వేలూరు నుంచి ఊసూరు మీదుగా అణైకట్ ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇది బస్సులు నడిచే రోడ్డే, కాని తెల్లవారుజామున రద్దీ స్వల్పం. ఎడమవైపు దూరంగా జవ్వాది కొండల వరుస కనిపిస్తూ ఉంటుంది. అక్కడ కురిసిన వానే ఈ చెరువులకు ఆధారం. ఊసూరు దాటిన తరువాత ప్రధాన రోడ్డును విడిచి గ్రామాల మధ్య దారులు పట్టడం మేలు. ఇలవంబాడి ఈ పరిసరాలలోదే. కాడ మీద ముళ్ళుండే ఇక్కడి వంకాయకు ‘వేలూరు ముళ్ళ వంకాయ’ పేరిట 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. వంకాయ విషయంలో తెలుగువారికి వేరే చెప్పాలా? సంచి ఒకటి వెంట ఉంచుకోండి.

అణైకట్ నుంచి ఉత్తరంగా తిరిగితే పళ్ళికొండ. ఈ మధ్యలో చెన్నై–బెంగుళూరు జాతీయ రహదారి అడ్డం వస్తుంది. ప్రయాణమంతటిలో నిజమైన ప్రమాదం ఉన్నది ఈ ఒక్క చోటనే. రహదారికి అడుగున దారి ఉన్న చోటనే దాటవలెను. చుట్టు తిరగవలసి వచ్చినా సరే, మధ్య గోడ సందులోంచి సైకిలు ఎత్తి దాటించే పని ఎవరూ చేయరాదు. ‘కొద్ది దూరమే కదా’ అని రహదారి అంచున లారీల పక్కన తొక్కడమూ అంతే. పళ్ళికొండలో పాలారు ఒడ్డున రంగనాథస్వామి ఆలయం ఉన్నది. నది దాటి మరి కొన్ని కిలోమీటర్లు పోతే లుంగీల నేతకు పేరుపడిన గుడియాత్తం. ఆ ఊరి మీదుగా పారే కౌండిన్య నది మన పలమనేరు వైపు నుంచి వస్తుంది. దానిపైన మోర్దానా జలాశయం దాకా వెళ్ళాలని ఉత్సాహపడేవారికి ఒక హెచ్చరిక: అది కొండ దారి, ఏనుగులు తిరిగే అడవి అంచు. మైదానం అక్కడితో ముగుస్తుంది. సైకిలు యాత్ర కూడా ముగియాలి.

అంత దూరం వద్దనుకునే వారికి, పిల్లలతో వెళ్ళేవారికి విరించిపురం చాలు. పాలారు దక్షిణపుటొడ్డున ఉన్న ఈ ఊరి ఆలయంలో స్వామి పేరు మార్గబంధువు, అంటే దారిలో తోడు వచ్చేవాడు. ఆయనను స్తుతించిన అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దంలో వేలూరు నాయక ప్రభువు చిన్న బొమ్మ నాయకుని ఆదరణ పొందిన పండితుడు. ఆలయ ప్రాకారంలో నీడను బట్టి పొద్దు తెలిపే రాయి ఒకటి ఉన్నది. చేతి గడియారంతో సరిచూసుకోకుండా అక్కడి నుంచి కదిలే పిల్లలు ఉండరు.

కాలం సంగతి. ఈ సీమలో ఈశాన్య ఋతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన కురుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో చెరువులు నిండుగా, ఉదయాలు చల్లగా ఉంటాయి. కొంగలు, నీటికాకులు, బాతులు కట్ట మీదినుంచే కనిపిస్తాయి. మే నెలలో వేలూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఈ ప్రయత్నం వద్దు.

వానాకాలంలో రెండు నియమాలు తప్పనిసరి. మొదటిది ప్రాణానికి సంబంధించినది. కలుజు పొర్లుతున్నప్పుడు, నది మీది నేలమట్టపు వంతెనపై నీరు పారుతున్నప్పుడు దాటరాదు. మోకాలి లోతు నీరైనా వేగంగా పారితే మనిషిని సైకిలుతో సహా పడదోస్తుంది. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య ఉప్పొంగినప్పుడు, ఏళ్ళ తరబడి ఇసుకనే చూసిన వారికి నది ఉన్నదన్న సంగతి ఒక్క రాత్రిలో గుర్తుకు వచ్చింది.

రెండవది కట్టకు సంబంధించినది. తడిసిన మట్టి కట్ట మీద చక్రం దిగబడితే గాడి పడుతుంది. మరుసటి వానకు ఆ గాడిలో నీరు చేరి, కోసి, కట్టను బలహీనపరుస్తుంది. సైకిలు బరువెంత అనవచ్చు. పది సైకిళ్ళు ఒకే గాడిలో వెళ్ళినప్పుడు చూడాలి. తమిళనాడులో నూరు ఎకరాల ఆయకట్టుకు పైబడిన చెరువులు జలవనరుల శాఖ అధీనంలోను, చిన్నవి పంచాయతీ యూనియన్ల అధీనంలోను ఉంటాయి. కాని కట్ట తెగితే ముందుగా నష్టపోయేది దాని కింద మడి ఉన్న రైతు. అందుచేత వాన వెలిసి నేల గట్టిపడేదాకా ఊరి రోడ్డు మీదనే తొక్కవలెను. కట్ట మీద ఆరబోసిన పంట, మేతకు వెళ్ళే పశువులు, తలమీద గడ్డిమోపుతో వచ్చేవారు ఎదురైతే దిగి దారి ఇవ్వవలెను. వారు పనిమీద ఉన్నారు. మనం విహారానికి వచ్చాము.

ఇక సైకిలు. గేర్లు అవసరం లేదు. ఈ మైదానానికి మామూలు బండి చాలు. చెరువు గర్భాలలో సర్కారు తుమ్మ విస్తరించి ఉంది గనుక ముల్లు గుచ్చుకోకుండా తిరిగి వస్తే అదృష్టమే. అదనపు ట్యూబు, పంపు, పంక్చరు అంటించే సామాను తీసుకువెళ్ళండి. తీసుకువెళ్ళకపోయినా, పెద్ద ఊళ్ళలో సైకిలు బాగుచేసేవారు దొరుకుతారు. 2000 దశకం నుంచి ఈ రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లలకు ఉచితంగా ఇస్తున్న సైకిళ్ళు వారి పనిని నిలబెట్టాయి.

ఆడవారు ఒంటరిగా పల్లెదారుల్లో తొక్కవచ్చునా అని కొందరు సందేహిస్తారు. 1990ల తొలినాళ్ళలో ఇదే రాష్ట్రంలోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు; నీళ్ళకూ, పొలానికీ, పాఠాలు చెప్పడానికీ దాని మీదనే వెళ్ళారు. పల్లెలో స్త్రీ సైకిలు మీద వెళ్ళడం ఇక్కడ వింత కాదు. అయినా తెలియని దారిలో మొదటిసారి ఇద్దరు ముగ్గురుగా వెళ్ళడం ఎవరికైనా మంచిదే.

గుడియాత్తం దాకా వెళ్ళి రైలులో తిరిగి రాదలచినవారు సైకిలును పెట్టెలో వెంట ఎక్కించుకోలేరు. పార్సెలుగా నమోదు చేసి బ్రేకు వ్యానులో పంపవలసి ఉంటుంది. అన్ని రైళ్ళకూ, అన్ని స్టేషన్లలోనూ ఆ వీలు ఉండదు గనుక ముందురోజే విచారించుకోండి. లేదా వచ్చిన దారినే తిరిగి తొక్కండి. పాలారు తూర్పుకు పారుతుంది కాబట్టి వేలూరు వైపు నేల రవంత దిగుడు. అయితే చలికాలపు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దున వీపు తట్టిన గాలే తిరుగుదారిలో ముఖానికి తగులుతుంది. గాలి, ఎండ ముదరకముందే, తొమ్మిదింటికల్లా సైకిలు వెనక్కి తిప్పండి. రెండో సీసా నీళ్ళు అప్పటిదాకా మూత తీయకుండా ఉంచుకోండి.