పేరు లేని గడి, పేరున్న కాగితం

1860 అమెరికా జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు ఉన్నాయి. వాటిలో పేరు రాసే గడి యజమానిది. ఆ పేరు కింద ఒక్కో బానిసకు వయసు, ఆడో మగో, ఒంటి రంగు రాశారు. దాదాపు నలభై లక్షల మంది లెక్కకెక్కారు, పేర్లు మాత్రం ఎక్కలేదు. అందులో సుమారు సగం మంది స్త్రీలు. మరుసటి ఏడు మొదలైన అంతర్యుద్ధంలో, ఆ తర్వాత ఈ స్త్రీలు ఏం చేశారో తెలుసుకోవాలంటే ఇతరులు తమ అవసరానికి రాసుకున్న కాగితాలే వెతకాలి.

బానిసత్వం నుంచి పారిపోయిన హ్యారియట్ టబ్‌మన్ విషయంలో అలాంటి కాగితం ఆమెను పట్టివ్వమని కోరిన ప్రకటన. 1849 అక్టోబరులో మేరీలాండ్‌లో ఎలైజా బ్రోడెస్ అనే యజమానురాలు దాన్ని వేయించింది. అందులో టబ్‌మన్ పేరు మింటీ. సుమారు ఇరవై ఏడేళ్లు, అయిదడుగుల ఎత్తు. ఆమెతో పారిపోయిన ఇద్దరు సోదరుల వివరాలూ ఉన్నాయి. రాష్ట్రం బయట పట్టుకుంటే తలకు వంద డాలర్ల బహుమతి. వేటాడి పట్టుకోవడానికి రాసిన ఆ వయసే ఈనాడు ఆమె పుట్టిన ఏడును అంచనా కట్టడానికి ఒక ఆధారం.

1863 జూన్‌లో దక్షిణ కరోలినాలోని కంబాహీ నది మీద ఉత్తరాది సైన్యం చేసిన దాడికి ఆమె దారి చూపింది. ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలు బయటపడ్డారు. ఆసుపత్రుల్లో నర్సుగా, వంటమనిషిగా, వేగులకు నాయకురాలిగా చేసిన పనికి 1,800 డాలర్లు రావాలని తర్వాత ఆమె ప్రమాణపత్రం ఇచ్చింది. అయితే ఆమెకు మొదట దక్కిన పింఛను నెలకు 8 డాలర్లు, అదీ సైనికుడైన భర్త నెల్సన్ డేవిస్ వితంతువుగా. 1899లో కాంగ్రెస్ దాన్ని 20 డాలర్లకు పెంచింది. ఆ పెంపుకు లెక్కలోకి తీసుకున్నది నర్సు సేవనే. నదిపై ఆమె చూపిన సాహసానికి ఆ చట్టంలో చోటు దొరక్కపోవడం అన్యాయం.

సుమారు 1,79,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. వారిలో చనిపోయినవారి భార్యలకు పింఛను రావాలంటే పెళ్లి రుజువు చేయాలి. బానిసల పెళ్లిని చట్టం గుర్తించేది కాదు కాబట్టి వాళ్లలో చాలామంది దగ్గర ఏ కాగితమూ లేదు. రెండేళ్లకు తగ్గకుండా భార్యాభర్తలుగా బతికారని సాక్ష్యం ఉంటే చాలని 1864లో చట్టం సడలించారు. దాంతో ఇరుగుపొరుగు వచ్చి, ఎవరు ఎక్కడ పుట్టారో, ఎవరిని ఎవరికి అమ్మారో, ఏ బిడ్డ ఎప్పుడు పోయిందో చెప్పారు. పేరులేని గడి వెనకనున్న కుటుంబాలు ఈ పింఛను దస్త్రాల్లోనే బయటపడతాయి. వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో అవి భద్రంగా ఉన్నాయి.

ఫొటోలనూ ఎవరి అవసరానికి తీశారన్న ఇదే కన్నుతో చూడాలి. 1850లో దక్షిణ కరోలినాలో డీలియా అనే బానిస యువతిని నడుము వరకు బట్టలు విప్పించి ఫొటో తీశారు. జాతుల మధ్య తేడా నిరూపించాలనుకున్న హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగసీ కోసం తీసిన బొమ్మ అది. పద్నాలుగేళ్ల తర్వాత, ఒకప్పటి బానిస సోజర్నర్ ట్రూత్ శాలువా కప్పుకుని, చేతిలో అల్లికతో తనకు నచ్చిన తీరులో కూర్చుంది. చదవడం రాయడం రాని ఆమె ఆ బొమ్మల హక్కును తన పేరనే నమోదు చేయించి, సభల్లో అమ్ముకుని బతికింది.

అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో మరో బొమ్మ ఉంది. యూనిఫాంలో ఒక సైనికుడు, పక్కన భార్య, ఒకేలాంటి కోట్లు, టోపీలు వేసుకున్న ఇద్దరు కూతుళ్లు. అది మేరీలాండ్‌లోని సెసిల్ కౌంటీలో దొరికింది. అందుకే అతడు ఆ రాష్ట్రంలో సమీకరించిన నల్లజాతి దళాల్లో ఒకదానివాడై ఉండొచ్చని భావిస్తారు. నలుగురిలో ఎవరి పేరూ దాని మీద లేదు.