సియోల్‌లో శాకాహారి పాట్లు

సియోల్‌లో కాపురముంటూ శాకాహారం తినేవాళ్ళకి హోటల్ భోజనమంటే పరీక్షే. కూరగాయల పులుసే కదా అనుకుంటే, చాలాచోట్ల అది ఎండుచేపలు మరిగించిన నీళ్ళతో కాస్తారు. కిమ్చీలోనూ ఉప్పు రొయ్యలో, చేపల రసమో మామూలే. ‘గోగి’ వద్దంటే మాంసం మానేస్తారు గానీ, చేపల సంగతి విడిగా చెప్పుకోవాలి!

ఒక్కరే వెళ్తే ఇంకో చిక్కు. కుంపటి మీద కాల్చి పెట్టే హోటళ్ళలో చాలావాటిలో ఇద్దరి వంతు చెప్తేగానీ వడ్డించరు. అన్నంలో కూరలు కలిపే బిబింబాప్ అయితే ఒక్కరికీ ఇస్తారు. మాంసం, గుడ్డు తీసేయమనాలి. పక్కన పెట్టే చిన్నచిన్న కూరలు సాధారణంగా మారు అడిగినా డబ్బు పుచ్చుకోరు. టిప్పు ఆనవాయితీ అసలే లేదు.

నిశ్చింతగా తినాలంటే బౌద్ధాలయాల వంటే. మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. అచ్చం మన మడివంటే అనుకోండి.

సెలవురోజు షికారుకి నా ఓటు సువాన్‌కే. సియోల్ నుంచి ఒకటో నంబరు మెట్రోలో సుమారు గంట. 1794-96 మధ్య జోంగ్జో రాజు కట్టించిన హ్వాసోంగ్ కోటగోడ వెంట అయిదున్నర కిలోమీటర్ల పైనే నడవొచ్చు. ఊరు మాత్రం గొడ్డుమాంసం పక్కటెముకల వంటకి ప్రసిద్ధి. అందుకే నేను పులిహోర కట్టుకెళ్తాను. కోట పక్కన కొలను గట్టున కొరియా కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చుంటాయి. మన డబ్బా మూత తీసినా వింతగా చూసేవాళ్ళుండరు.