ఉమ్మినీరు చెప్పే కబురు



మొదటిసారి రేడియోలో మైకు ముందు కూర్చున్నప్పుడు నాకు నోట్లో తడారిపోయింది, గుండె దడదడలాడింది. ఆ బెదురు మనసుదే అయినా ఒళ్ళంతా పాకుతుంది. దాని జాడ ఉమ్మినీటిలో కూడా దొరుకుతుందంటే నమ్ముతారా?

మన మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులు రెండున్నాయి. భయమో, ఆందోళనో కలిగినప్పుడు అవి కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి ఎక్కువగా వదులుతాయి. అందులో కొంత ఉమ్మిలోకి చేరుతుంది. రక్తం తీయాలంటే సూది గుచ్చాలి. సూదిని చూసి భయపడితే ఆ భయానికే హార్మోను పెరగవచ్చు. ఉమ్మికైతే ఆ తంటా లేదు. చిన్న దూది చుట్టను కాసేపు నమిలి, గొట్టంలో వేసి మూత పెడితే సరి. అందుకే మనోవ్యాధుల మీద పరిశోధన చేసేవారికి ఈ పద్ధతి నచ్చింది.

జర్మనీలో ట్రియర్ విశ్వవిద్యాలయం వారు 1993లో ఒక పరీక్షను ప్రకటించారు. మైకు ముందు నిలబడి, నవ్వని ముఖాలతో కూర్చున్నవారి ఎదుట 5 నిమిషాలు మాట్లాడాలి. ఆపైన 1022 లోంచి 13 చొప్పున తీసివేస్తూ పోవాలి. తప్పితే మళ్ళీ మొదటికే! పెళ్ళిచూపులే నయమనిపించదూ? ఆ పరీక్ష ముగిసిన 10, 20 నిమిషాలకు చాలామంది ఉమ్మిలో కార్టిసాల్ బాగా పెరిగి కనిపించింది.

అయితే దీనికి వేళ ముఖ్యం. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో కార్టిసాల్ బాగా పెరిగి, రాత్రికి తగ్గిపోతుంది. ఉమ్మి పట్టే ముందు కాఫీ, టిఫిను, పళ్ళు తోముకోవడం పనికిరావు. చిగుళ్ళ రక్తం కలిసినా లెక్క తప్పుతుంది. ఎప్పుడు పట్టారో నిజం రాయాలి కూడా. మూత తీసిన వేళను గుర్తుపెట్టుకునే సీసాలిచ్చి చూస్తే, కొందరు రాసిన వేళ ఒకటి, తీసిన వేళ మరొకటి అని 2003లో బయటపడింది!

ఇంతకీ ఈ అంకె చూసి ఫలానావారికి మనోవ్యాధి ఉందనో లేదనో చెప్పగలరా? చెప్పలేరు. దిగులు జబ్బు ఉన్నవారిలో కొందరికి ఎక్కువ, కొందరికి మామూలే. పెద్ద ఆపదను చూసి మనసు గాయపడ్డవారిలో తక్కువ ఉన్నట్టు కూడా కొన్ని పరిశోధనల్లో తేలింది. పదిమందినీ పోల్చి చూడడానికి పనికివచ్చే కొలత ఇది; ఒక్కరి మీద తీర్పు చెప్పేది కాదు.

మా చుట్టాలమ్మాయి ఒకతె కాన్పు తర్వాత నిద్రపట్టక, ఊరికే ఏడుస్తుంటే, "పరీక్షలన్నీ బాగానే ఉన్నాయిగా, ఇంకేం రోగం?" అన్నారు ఇంట్లోవాళ్ళు. అంకెలు బాగున్నంత మాత్రాన బాధ అబద్ధమైపోదమ్మా! ముందు ఆ పిల్ల చెప్పేది వినండి, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.