ఋతుస్రావ కప్పు: ఎన్నుకొనుట, వాడుట

స్త్రీలకు నెలనెల కలుగు ఋతుస్రావము వ్యాధి కాదు, మైల కాదు. అది శరీర ధర్మము. అయినను ఆ నాలుగైదు దినములు గడుపు సౌకర్యము అందరికి ఒక్కరీతిగ నుండదు. రాయపూరు నగరమున టాటీబంధ్ వద్ద 2012లో నెలకొన్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కలదు. దూరపు ఊళ్ల నుండి రోగులు అచటికి వత్తురు. వారికి తోడుగ వచ్చిన తల్లియో, భార్యయో, కుమార్తెయో ఇల్లు విడిచి పరాయి ఊరిలో దినములు గడుపవలసి యుండును. ఆ సమయమున బహిష్టు వచ్చినచో బట్టను ఉతికి ఎండలో ఆరవేయుటకు చోటు దొరకదు. వాడిన ప్యాడును ఎచట వేయవలెనో తోచదు. ఇట్టివారికి ఉపయోగపడగల సాధనమొకటి కలదు. దానిని మెన్‌స్ట్రువల్ కప్పు అందురు.

కప్పు అనగా నేమి?

ఇది గంట ఆకారము గల మెత్తని చిన్న గిన్నె. యోని మార్గమున అమర్చుకొనినచో రక్తమును పీల్చుకొనక పట్టి యుంచును. 1937లోనే లియోనా చామర్స్ అను అమెరికా నటి ఇట్టి రబ్బరు కప్పునకు పేటెంటు పొందెను. నేటి కప్పులు పెక్కు వైద్యోపయోగమునకు తగిన సిలికాన్‌తో చేయబడుచున్నవి. సరిగా కాపాడుకొనిన కప్పు చాల సంవత్సరములు పనిచేయును.

43 పరిశీలనలను క్రోడీకరించిన సమీక్ష యొకటి 2019లో ల్యాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వెలువడెను. ప్యాడ్లతో పోల్చినచో కప్పు వలన మరక పడుట ఎక్కువ కాదనియు, అంటువ్యాధుల భయము పెరుగలేదనియు అందు తేలినది. మన దేశమున కేంద్ర ప్రభుత్వ సంస్థయగు హెచ్.ఎల్.ఎల్. లైఫ్‌కేర్ 2019లో కేరళలోని అలప్పుళ పురపాలక ప్రాంతమున 5,000 కప్పులు పంచిపెట్టెను.

ఎన్నుకొనుట ఎట్లు?

కప్పులు చిన్నవి, పెద్దవి అని రెండు మూడు కొలతలలో దొరకును. సహజ ప్రసవము కానివారికి, చిన్న వయస్సు వారికి సాధారణముగ చిన్నది తగును. కాన్పు అయినవారికి, స్రావము ఎక్కువగ నుండువారికి పెద్దది తగును. మొదటి పర్యాయము కొనువారు మెత్తనిదానిని కొనుట మేలు. సిలికాన్ నాణ్యము, కొలత పెట్టెపై స్పష్టముగ ముద్రించియున్న దానినే తీసికొనవలెను.

కాపర్-టి ధరించినవారు, గర్భాశయము జారినవారు, యోనిలో పుండ్లు లేక దుర్వాసనగల స్రావము ఉన్నవారు వైద్యురాలిని అడుగకుండ వాడరాదు. కప్పును తీయునపుడు కాపర్-టి జారిపోవచ్చును. బాలింతలు వైద్యురాలు అనుమతించువరకు ఆగవలెను.

వాడుట ఎట్లు?

నెలసరి మొదలు కాకముందు కప్పును నీటిలో పూర్తిగ మునుగునట్లు వేసి ఐదు నుండి పది నిమిషములు మరగించవలెను. ఇందుకు ఒక చిన్న గిన్నెను ప్రత్యేకించుట మంచిది. వంటింటి పొయ్యిపై దీనిని పెట్టుటకు అనేకులు జంకుదురు. బిడ్డ పాలసీసాను మరగించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. మరిగిన నీరు దోషమును పోగొట్టునే గాని పెంచదు. ఈ మాటను ఇంటిలోని పెద్దలకు నచ్చజెప్పవలెను. జంకి మరగించుట మానుటయే అపాయకరము.

చేతులు సబ్బుతో కడుగుకొని, గొంతుకూర్చుండి లేక ఒక కాలు ఎత్తున నుంచి, కప్పును మడచి, శరీరమును బిగబట్టక మెల్లగా లోనికి పంపవలెను. లోన అది విచ్చుకొనును. స్రావమును బట్టి ఎనిమిది గంటల కొకసారి తీసి పారబోయవచ్చును. ఎట్టి పరిస్థితిలోను పన్నెండు గంటలకు మించి ఉంచరాదు. కావున ఉదయము, రాత్రి స్నానపు గదిలో తీసికొనినను అనేకులకు సరిపోవును. తీయునపుడు తోకను పట్టి లాగరాదు. అడుగు భాగమును వ్రేళ్లతో నొక్కి గాలి లోనికి పోనిచ్చి, పిమ్మట బయటకు తీయవలెను. త్రాగుటకు తగిన శుభ్రమైన నీటితో కడిగి తిరిగి అమర్చుకొనవలెను. నెలసరి ముగిసిన తరువాత మరల మరగించి, ఆరబెట్టి, గాలియాడు బట్ట సంచిలో దాచవలెను. ఒకరి కప్పును మరియొకరు వాడరాదు.

తొలి రెండు మూడు నెలలు అలవాటు పడుటకే పట్టును. అంతవరకు తోడుగ ప్యాడు ఉంచుకొనుట తప్పు కాదు.

కొన్ని అపోహలు

కప్పు కడుపులోనికి పోవునని కొందరు భయపడుదురు. యోని మార్గము పైకొసను గర్భాశయ ముఖము మూసియుండును. దాని రంధ్రము అతి సన్నము. కావున అది పోజాలదు. పెండ్లికాని బాలికలు వాడరాదను మాటయు కలదు. కన్నెపొర సాగుటకు ఆటలు మొదలగు కారణములు అనేకము. దానితో శీలమును కొలుచుట శాస్త్రము కాదు. అయితే నొప్పి కలిగిన చోట బలవంతము చేయరాదు. ఇష్టము లేనివారిని ఒత్తిడి చేయరాదు.

కప్పు వాడుచుండగా హఠాత్తుగ తీవ్రజ్వరము, వాంతులు, విరేచనములు, ఒంటిపై ఎఱ్ఱని దద్దురులు, కళ్లు తిరుగుట కలిగినచో వెంటనే కప్పును తీసివేసి ఆస్పత్రికి పోవలెను. కప్పు వాడిన సంగతి వైద్యులకు చెప్పవలెను. ఈ జబ్బు అత్యంత అరుదు, కాని ఆలస్యము ప్రాణాంతకము.

నీరు, మరగించు వీలు లేనిచోట కప్పు తగదు. అచట శుభ్రముగ ఉతికి ఎండలో ఆరిన బట్టయో, ప్యాడో మేలు. ఏది వాడవలెనో స్త్రీ తన శరీరమును, తన ఇంటి వసతిని చూచుకొని నిర్ణయించుకొనవలెను. సందేహమున్నచో ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌ను, ఆంధ్ర, తెలంగాణములలో ఆశా కార్యకర్తను, లేదా దగ్గరి ఆస్పత్రిలోని స్త్రీల వైద్య విభాగమును సంప్రదింపవలెను. ఇది సిగ్గుపడి దాచుకొనదగిన ప్రశ్న కాదు.