జైలులో ఆట, పాట, పుస్తకం: దయ కాదు, హక్కు

జైలుకు పోయినవాడికి ఆటలేమిటి, పుస్తకాలేమిటి అని గురుబరపల్లి రచ్చబండ మీదైనా, హోసూరు బస్టాండులోనైనా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. చట్టం అలా అనదు. కోర్టు వేసే శిక్ష ఖైదీ స్వేచ్ఛకే. మనిషిగా బతికే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద జైలు గోడల లోపల కూడా ఉంటుంది. విచారణ ఖైదీ విషయంలోనైతే నేరమే ఇంకా రుజువు కాలేదు.

ఈ సూత్రానికి ఒక పునాది తెలుగు నేల మీదే పడింది. విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని నక్సలైట్ ఖైదీల కేసులో (భువన్ మోహన్ పట్నాయక్ కేసు, 1974) సుప్రీంకోర్టు వారి అర్జీని కొట్టేసింది. అయినా శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని తేల్చి చెప్పింది. సునీల్ బాత్రా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చదువు, రాత, వ్యాయామం, వినోదం, ధ్యానం కూడా ఖైదీకి దక్కాల్సినవేనని రాశారు.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు మరింత వివరంగా చెబుతాయి. ఆరుబయట పని లేని ఖైదీకి వాతావరణం అనుకూలిస్తే రోజూ కనీసం 1 గంట బయట వ్యాయామం ఉండాలి. ప్రతి జైలులో గ్రంథాలయం, వినోద, సాంస్కృతిక కార్యక్రమాలు ఉండాలి. ఇవి మన కోర్టులను కట్టిపడేసే చట్టం కావు, మార్గదర్శకాలు. జైళ్లు రాష్ట్రాల పరిధిలోనివి కాబట్టి రోజువారీ ఏర్పాట్లు తమిళనాడు జైలు నియమాల ప్రకారమే జరుగుతాయి. భద్రత, క్రమశిక్షణ కోసం అధికారులు హద్దులు పెట్టవచ్చు. కారణం లేకుండా పూర్తిగా ఆపేయడం మాత్రం కుదరదు.

మన ఇళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. తెలుగు మాత్రమే చదవగలిగే పెద్దాయన సేలం జైలులో ఉంటే, అక్కడ అలమారు నిండా తమిళ పుస్తకాలున్నా ఆయనకు గ్రంథాలయం లేనట్టే. అందుకే తెలుగు పుస్తకాలు కావాలని అడగమని మేము చెబుతున్నాము.

అడిగేదెలా? ముందు జైలు సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోండి. జవాబు రాకపోతే జిల్లా న్యాయ సేవల సంస్థను కలవండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. ఫోన్ నంబరు 15100. తనిఖీకి వచ్చే జిల్లా జడ్జికి కూడా ఖైదీ తన మాట చెప్పుకోవచ్చు. అక్కడా పని జరగకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

లోపలున్నవాడు ఒకనాడు మళ్లీ మన ఊరికే వస్తాడు. ఎలాంటి మనిషిగా తిరిగి వస్తాడన్నది అతడు లోపల గడిపిన రోజుల మీద కూడా ఆధారపడి ఉంటుంది.